మోటారు ఆగితే మొక్క ఎంతసేపు నిలుస్తుంది?

(ఇంటి తోటలు పెంచేవాళ్ళ సమావేశంలో హైడ్రోపోనిక్స్ పద్ధతులపై ఇచ్చిన ప్రసంగం. మాట్లాడిన తీరు పోకుండా స్వల్పంగా సవరించిన పాఠం ఇది.)

అందరికీ నమస్కారం.

ఈరోజు నాకిచ్చిన అంశం హైడ్రోపోనిక్స్‌లో రకాలు. అంటే మట్టి లేకుండా, నీళ్ళలో కరిగించిన పోషకాలతో మొక్కలు పెంచే పద్ధతులు. ఎక్కడ చదివినా ఆరు రకాలని ఉంటుంది. ఆరు బొమ్మలు వేసి, ఒక్కోదాని కింద రెండు లాభాలు, రెండు నష్టాలు రాసేస్తారు. అవన్నీ చదివాక కూడా మన ఇంట్లో ఏది పెట్టుకోవాలో తేలదు. అందుకని నేను వేరే దారిలో వెళ్తాను. ప్రతి పద్ధతినీ రెండే ప్రశ్నలు అడుగుదాం. ఇందులో వేరుకి గాలి ఎక్కడినుంచి వస్తోంది? కరెంటు పోయి మోటారు ఆగిపోతే మొక్క ఎంతసేపు నిలబడుతుంది? ఈ రెండింటికీ జవాబు తెలిస్తే ఆ పద్ధతి మీకు తెలిసినట్టే. మిగతాదంతా ప్లంబింగ్.

వేరుకి నీళ్ళు కావాలి గానీ గాలెందుకని కొత్తగా వచ్చినవాళ్ళకి అనిపిస్తుంది. ఆకు పగలు ఆక్సిజన్ వదులుతుంది, నిజమే. కానీ వేరు మనలాగే రాత్రీ పగలూ ఆక్సిజన్ తీసుకుంటుంది. పోషకాలను లోపలికి లాక్కోవడానికి కావలసిన శక్తి దానికి శ్వాస నుంచే వస్తుంది. కుండీలో నీళ్ళు ఎక్కువై మొక్క చనిపోతే 'నీళ్ళెక్కువయ్యాయి' అంటాం. అసలు జరిగేది ఏమిటంటే, మట్టి రేణువుల మధ్య గాలి ఉండాల్సిన చోట కూడా నీళ్ళు నిండి వేరుకి ఊపిరి ఆడదు. మరి మొక్కను నేరుగా నీళ్ళలోనే పెడితే? ఆ చిక్కుకి ఎవరికి తోచిన జవాబు వాళ్ళు చెప్పారు. ఆ జవాబులే మనం రకాలు అంటున్నవి.

చరిత్ర రెండు నిమిషాల్లో ముగించేస్తాను. 1699లో ఇంగ్లండ్‌లో జాన్ వుడ్‌వర్డ్ అనే ఆయన పుదీనా జాతి మొక్కల్ని రకరకాల నీళ్ళలో పెంచి చూశాడు. శుద్ధమైన నీళ్ళకంటే కాస్త మట్టి కలిసిన నీళ్ళలో బాగా పెరిగాయి. అంటే మొక్క బతికేది ఒక్క నీళ్ళ మీదే కాదు, ఆ నీళ్ళలో ఇంకేదో ఉందన్నమాట. ఆ ఇంకేదో ఏమిటన్నది తేలడానికి 1860ల దాకా పట్టింది. జర్మనీలో జూలియస్ ఫాన్ సాక్స్, విల్‌హెల్మ్ నాప్ లవణాలను లెక్క ప్రకారం నీళ్ళలో కరిగించి, ఆ నీళ్ళతోనే మొక్కల్ని పెంచి చూపించారు. దీన్ని ప్రయోగశాల దాటించి పంటగా పండించవచ్చన్నది అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన విలియం గెరికీ. ఆయన టమాటా తీగలు 25 అడుగుల ఎత్తు పెరిగాయి, పత్రికలు ఊగిపోయాయి. హైడ్రోపోనిక్స్ అన్న పేరు 1937లో ఆయన ద్వారానే వాడుకలోకి వచ్చింది.

ఆ వెంటనే, 1938లో, అదే విశ్వవిద్యాలయంలో హోగ్లాండ్, ఆర్నన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ విషయం మీద ఒక చిన్న పుస్తకం రాశారు. వాళ్ళ ద్రావణం సూత్రం ఇవాళ్టికీ ప్రయోగశాలల్లో నడుస్తోంది. అయితే అందులో వాళ్ళు చెప్పిన ఇంకో మాట ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. మంచి మట్టిలో, అదే వెలుతురులో, అంతే శ్రద్ధగా పెంచితే దిగుబడి నీటి సాగుకేమీ తీసిపోదని తేల్చారు. మట్టి లేకపోతే పంట పదింతలవుతుందని ఎవరైనా మీకు కిట్ అమ్మజూపితే ఆ మాట గుర్తుచేసుకోండి. స్థలం, నీళ్ళు కలిసొస్తాయి. కలుపు తీసే పని ఉండదు. మంత్రం మాత్రం ఏమీ లేదు.

సరే, పద్ధతుల్లోకి వద్దాం. నేను మొదట చెప్పేది మోటారే లేని పద్ధతి.

హవాయి విశ్వవిద్యాలయంలో పనిచేసిన బెర్నార్డ్ క్రాట్కీ దీన్ని పరిశోధించి ప్రచారంలోకి తెచ్చాడు. అందుకే క్రాట్కీ పద్ధతి అంటారు. ఒక మూత ఉన్న డబ్బా తీసుకోండి, వెలుతురు చొరబడనిది. మూతకి రంధ్రం చేసి అందులో నెట్ కప్పు, అంటే చుట్టూ జాలీ ఉన్న చిన్న కప్పు, పెట్టండి. కప్పులో నారు, డబ్బాలో పోషక ద్రావణం. మొదట్లో నీటి మట్టం కప్పు అడుగును తాకేలా ఉండాలి. ఇక అంతే. పంపు లేదు, టైమర్ లేదు, బుడగలు లేవు.

మరి గాలి? ఈ పద్ధతిలో తెలివంతా అక్కడే ఉంది. మొక్క నీళ్ళు తాగేకొద్దీ మట్టం దిగుతుంది. మూతకీ నీళ్ళకీ మధ్య ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీలో తేమ నిండిన గాలి ఉంటుంది. అక్కడ వేలాడే పై వేర్లు సన్నటి నూగుతో గుబురుగా పెరిగి గాలి పీల్చుకునే పని చేస్తాయి. నీళ్ళలో మునిగి ఉన్న కింది వేర్లు నీళ్ళు, పోషకాలు తీసుకుంటాయి. అంటే మొక్క తన వేర్లకు తానే పనులు పంచుతుంది. ఒక లెట్యూస్ (సలాడ్ ఆకు) మొక్కకి 4 లీటర్ల డబ్బా మొదటి నుంచి కోత దాకా సరిపోతుంది.

దీంతో మొక్క చంపుకునేది ఒక్క చోటే, అదీ ప్రేమ ఎక్కువై. మూత తీసి చూస్తారు, నీళ్ళు తగ్గాయని కంగారుపడి మళ్ళీ నిండుగా పోస్తారు. గాలికి అలవాటుపడిన పై వేర్లు ఒక్కసారిగా మునిగిపోతాయి. రెండు మూడు రోజుల్లో మొక్క వాడిపోతుంది. నీళ్ళు నిండుగా ఉన్నా ఎందుకు వాడిందో అర్థం కాక ఇంకాసిని పోస్తారు. (నవ్వులు) నీళ్ళు పోయాల్సి వస్తే కొంచెమే పోయండి, పై వేర్లలో ఎక్కువ భాగం గాలిలోనే ఉండాలి.

మోటారు ఆగితే ఏమవుతుందన్న ప్రశ్న దీనికి వర్తించదు. అందుకే ఇంట్లో మొదటిసారి చేసేవాళ్ళకి నేను కళ్ళు మూసుకుని ఇదే చెప్తాను. ఆకుకూరలకి బ్రహ్మాండం. టమాటా, దోస లాంటి వాటికి మాత్రం ఇబ్బంది. బాగా ఎదిగిన టమాటా మొక్క ఎండ కాసిన రోజు 2 లీటర్లకు పైనే తాగేయగలదు. నాలుగు నెలల పంటకి అంత నీళ్ళు ఒకేసారి నిలవ పెట్టాలంటే డబ్బా కాదు, డ్రమ్ము కావాలి.

మోటారు అక్కర్లేనిదే ఇంకొకటుంది, వత్తి పద్ధతి. దీపంలో వత్తి నూనెను లాగినట్టే, కింద ట్యాంకులోంచి నైలాను తాడో, పాలిస్టర్ గుడ్డ పేలికో నీళ్ళను పైన కుండీలోకి లాగుతుంది. కుండీలో కోకోపీట్ (కొబ్బరి పొట్టు), పెర్లైట్ (తేలికైన తెల్లటి ఖనిజపు గింజలు) కలిపి నింపుతారు. గాలి ఆ గింజల సందుల్లోంచి అందుతుంది. నూలు వత్తి వద్దు, కుళ్ళిపోతుంది. నీటి మట్టానికీ కుండీ అడుక్కీ మధ్య దూరం జానెడు కూడా ఉండకూడదు, ఎంత తగ్గిస్తే అంత మంచిది. చిన్న మొక్కలకి పనికొస్తుంది, దాహం ఎక్కువున్న మొక్కకి వత్తి అందించలేదు. నీళ్ళు ఎప్పుడూ కింద నుంచి పైకే వస్తుంటాయి కాబట్టి లవణాలు కుండీ పైపొరలో పేరుకుంటాయి. అప్పుడప్పుడు పైనుంచి ఉత్త నీళ్ళు ధారాళంగా పోసి కడిగేయాలి. దీని గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

ఇప్పుడు కరెంటు వాడే పద్ధతులు. మొదటిది డీప్ వాటర్ కల్చర్. మన భాషలో బకెట్ పద్ధతి అనుకుందాం. వేర్లు పూర్తిగా నీళ్ళలోనే ఉంటాయి. గాలిని మనం బయటి నుంచి పంపుతాం. అక్వేరియంలో వాడే ఎయిర్ పంపు, సన్నటి గొట్టం, చివర గాలిని సన్నటి బుడగలుగా విడగొట్టే ఎయిర్ స్టోన్. ఇదే పెద్ద తొట్టిలో చేసి, మొక్కల్ని థర్మోకోల్ పలకల మీద తేలిస్తే తెప్ప పద్ధతి అవుతుంది. వ్యాపారానికి లెట్యూస్ పండించేవాళ్ళలో చాలామంది వాడేది ఈ తెప్పలే.

ఇక్కడ ఒక అంకె గుర్తుంచుకోండి. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీల దగ్గర అది ఏడున్నరకి పడిపోతుంది. తేడా చిన్నదే కదా అనిపించవచ్చు. కానీ నీళ్ళు వేడెక్కితే వేరు శ్వాస వేగం పెరిగి ఆక్సిజన్ అవసరం ఎక్కువవుతుంది. సరఫరా తగ్గుతుంది, గిరాకీ పెరుగుతుంది. సరిగ్గా ఆ సందులోంచే పిథియం లాంటి వేరుకుళ్ళు తెగులు జొరబడుతుంది. ఆరోగ్యంగా ఉన్న వేరు తెల్లగా, గట్టిగా ఉంటుంది. గోధుమ రంగుకి తిరిగి, జారుడుగా ఉండి, పట్టుకుంటే పైతోలు ఊడి వస్తే అది కుళ్ళు. వాసన కూడా చెప్పేస్తుంది. ద్రావణం ఎరువుల రంగులో ఉండొచ్చు, వేర్లకూ ఆ రంగు పట్టొచ్చు, దానికి భయపడకండి. జారుడు, వాసన, ఈ రెండూ చూడండి. ద్రావణం 18 నుంచి 24 డిగ్రీల మధ్య ఉంటే నిశ్చింత. బకెట్‌ని ఎండలో పెట్టకండి. నల్ల బకెట్ అయితే బయట తెల్ల రంగు వేయండి. నలుపు వెలుతురును ఆపుతుంది, తెలుపు వేడిని ఆపుతుంది, రెండూ కావాలి.

ఎయిర్ పంపు ఎక్కడ పెట్టాలన్నది ఇంకో సంగతి. నీటి మట్టం కంటే ఎత్తులో పెట్టండి. కింద పెడితే, కరెంటు పోయినప్పుడు నీళ్ళు గొట్టంలోంచి వెనక్కి నడిచి పంపులోకి వస్తాయి. అక్కడి నుంచి ప్లగ్ పాయింటుకి. ఎత్తులో పెట్టడం కుదరకపోతే గొట్టానికి చెక్ వాల్వ్, అంటే నీళ్ళు వెనక్కి రాకుండా ఆపేది, తగిలించండి. చాలా చిన్న వస్తువు, కిట్‌లో ఉందో లేదో చూసుకోవాలి.

బకెట్ పద్ధతిలో పంపు ఆగితే మొక్కకి కొన్ని గంటల వ్యవధి ఉంటుంది. నీళ్ళు చల్లగా ఉండి, మొక్క చిన్నదై ఉంటే ఇంకా ఎక్కువ. పెద్ద మొక్క, చిన్న బకెట్, వేడి నీళ్ళు కలిస్తే తక్కువ. కరెంటు పోయి చాలాసేపయిందనుకోండి, అప్పుడు చేయగలిగింది ఒకటుంది. బకెట్‌లోంచి కొన్ని నీళ్ళు తీసేయండి. మట్టం తగ్గితే పై వేర్లకి గాలి తగులుతుంది. ఇందాకటి క్రాట్కీ సూత్రమే ఇక్కడ ఆపద్ధర్మంగా పనికొస్తుంది.

(సభలో ఒకరు: బుడగలు ఎంత ఎక్కువుంటే అంత మంచిదా అండీ?)

కొంతవరకు. నీటిలో ఆక్సిజన్ ఒక హద్దు దాటి కరగదండి. ఆ హద్దు చేరాక మీరెన్ని బుడగలు వదిలినా ఉపయోగం లేదు. పైగా మరీ ఉధృతంగా నీళ్ళు మరుగుతున్నట్టు ఉంటే లేత వేర్లు దెబ్బతింటాయి. నీటి పైభాగం అంతటా మెల్లగా కదులుతూ ఉంటే చాలు.

తర్వాతది ఎన్‌ఎఫ్‌టీ. న్యూట్రియెంట్ ఫిల్మ్ టెక్నిక్. 1960ల్లో ఇంగ్లండ్‌లో అలన్ కూపర్ రూపొందించాడు. ఆయన ఆలోచన చాలా సొగసైనది. నీళ్ళను లోతుగా నింపి అందులోకి గాలి పంపే బదులు, నీళ్ళనే పల్చగా చేసేస్తే? కొద్దిపాటి వాలున్న కాలువలో ద్రావణం సన్నటి పొరలా, కొన్ని మిల్లీమీటర్ల మందాన పారుతుంది. వేర్లు కాలువ అడుగున చాపలా అల్లుకుంటాయి. చాప అడుగు తడిగా ఉంటుంది, పైభాగం గాలిలో ఉంటుంది. చివరికి చేరిన నీళ్ళు ట్యాంకులో పడతాయి, పంపు మళ్ళీ పైకి తోస్తుంది.

వాలు ఎంతుండాలంటే 30 అడుగుల పొడవుకి ఒక అడుగు, లేదా 40కి ఒకటి. ఒక్కో కాలువకి నిమిషానికి 1 నుంచి 2 లీటర్ల ప్రవాహం. వాలు తగ్గితే నీళ్ళు గుంటలు కట్టి నిలిచిపోతాయి. కాలువ మరీ పొడవైతే ముందున్న మొక్కలు ఆక్సిజన్, నైట్రోజన్ తీసేసుకుని, చివరి మొక్కలకి మిగుల్చేది తక్కువ. 10, 15 మీటర్లు దాటనివ్వకండి. ఇంట్లో ఎలాగూ అంత పొడవు పెట్టం అనుకోండి.

ఇక్కడ ఒక మాట కుండబద్దలు కొట్టి చెప్పాలి. ఇళ్ళల్లో ఎక్కువగా కనిపించేది గుండ్రటి పీవీసీ పైపులకి రంధ్రాలు చేసి, మెలికలు తిప్పి గోడకు బిగించినవి. వాటినే ఎన్‌ఎఫ్‌టీ అని అమ్ముతున్నారు. అవి ఎన్‌ఎఫ్‌టీ కాదు. ఎన్‌ఎఫ్‌టీ కాలువ అడుగు చదునుగా ఉండాలి, అప్పుడే పొర పల్చగా పరుచుకుంటుంది. గుండ్రటి పైపులో నీళ్ళు నడుమన చేరి లోతుగా నిలుస్తాయి. చాలామంది పైపును వాలు లేకుండా పెట్టి, చివర మూతకి కాస్త ఎత్తులో రంధ్రం చేసి, సగం దాకా నీళ్ళు నిలిచేలా చేస్తారు. అది పనిచేయదని నేననడం లేదు. చక్కగా పనిచేస్తుంది. కాకపోతే అది పారే నీళ్ళున్న బకెట్ పద్ధతి. పేరు తప్పయితే మనకేం పోయిందంటారా? దాని బలహీనత వేరు, దీని బలహీనత వేరు. అసలైన ఎన్‌ఎఫ్‌టీలో మోటారు ఆగిందంటే కాలువలో నిలవ నీళ్ళే ఉండవు. మిట్టమధ్యాహ్నం ఎండలో గంటా రెండు గంటల్లో ఆకులు వేలాడేస్తాయి. నీళ్ళు నిలిచే పైపులో అయితే సాయంత్రం దాకా కాస్త తీరిక దొరుకుతుంది. కరెంటు నమ్మకం లేని చోట ఉండేవాళ్ళు తెలియక చేసిన ఈ 'తప్పు' పైపే వాళ్ళకి నయం.

ఎన్‌ఎఫ్‌టీలో మరో చిక్కు వేర్లే. పుదీనా, టమాటా లాంటివి ఎంత వేరు పెంచుతాయంటే కాలువ మొత్తం పూడిపోతుంది, నీళ్ళు పైనుంచి పొర్లుతాయి. అందుకే చిన్న వేరు, తక్కువ కాలం పంటలకే ఇది. లెట్యూస్, బేసిల్, పాలకూర.

నిలువు టవర్లు కూడా ఈ కుటుంబంలోవే. పైకి తోసిన నీళ్ళు లోపల గోడల వెంట జారుతూ, చుక్కలుగా పడుతూ కిందికి వస్తాయి. చోటు తక్కువున్న వాళ్ళకి ముచ్చటగా ఉంటుంది. కొనేముందు పంపు మీద రాసి ఉండే ఎత్తు చూడండి. దాని మీద 2 మీటర్లు అని ఉంటే, 2 మీటర్ల దగ్గర ప్రవాహం సున్నా అని అర్థం. ఒకటిన్నర మీటర్ల టవర్‌కి ఆ పంపు పెడితే ఏడుస్తూ పోస్తుంది. ఇంకోటి, నీడవైపు ఉన్న మొక్కలు ఎప్పుడూ వెనకబడతాయి, రోజూ కొంచెం తిప్పుతుండాలి.

ఇక ఎబ్ అండ్ ఫ్లో. అంటే నింపి, వదిలేయడం. నాకు వ్యక్తిగతంగా అన్నిటికంటే ఇష్టమైనది ఇదే, కాబట్టి కొంచెం ఎక్కువ మాట్లాడితే భరించండి.

పైన ఒక తొట్టి, అందులో కాల్చిన మట్టి గోలీలో, శుభ్రమైన కంకరో నింపి మొక్కలు నాటుతాం. కింద ట్యాంకు, అందులో పంపు, దానికో టైమర్. టైమర్ పంపు ఆన్ చేస్తే తొట్టి నిండుతుంది. పావుగంట తర్వాత ఆఫ్ అవుతుంది. నీళ్ళు ఏ గొట్టంలోంచి వచ్చాయో అదే గొట్టంలోంచి, ఆగి ఉన్న పంపు గుండానే కిందికి దిగిపోతాయి. అలా దిగుతున్నప్పుడే అసలు పని జరుగుతుంది. నీళ్ళు ఖాళీ చేసిన ప్రతి సందులోకీ పైనుంచి తాజా గాలి లాక్కోబడుతుంది. వేళకి తొట్టి మొత్తం ఒక ఊపిరి పీల్చి వదులుతుంది. విడిగా ఎయిర్ పంపు అవసరం లేదు. గాలీ, నీళ్ళూ ఒకే మోటారుతో అందుతాయి.

తొట్టిలో రెండు గొట్టాలుండాలి. ఒకటి నింపేది. రెండోది నిలువుగా నిలబడి, హద్దు దాటిన నీళ్ళను ట్యాంకులోకి దింపేది. ఈ రెండోది మొదటిదాని కంటే లావుగా ఉండి తీరాలి. ఎందుకంటే మొదటిదాన్ని పంపు బలంగా తోస్తుంది, రెండోదాంట్లో నీళ్ళు తమ బరువుతోనే దిగాలి. సమానంగా పెడితే తొట్టి అంచు మీంచి నీళ్ళు పొర్లి నేలంతా పారతాయి. పొర్లుగొట్టం నోట్లోకి గోలీలు పడకుండా జల్లెడ పెట్టండి. దాని ఎత్తు గోలీల పైపొర కంటే ఒక అంగుళం తక్కువ ఉండాలి. పైపొర ఎప్పుడూ పొడిగా ఉంటే పాకుడు పట్టదు, చిన్న దోమలు చేరవు.

రోజుకి ఎన్నిసార్లు నింపాలన్నది మీరు తొట్టిలో నింపిన గింజను బట్టి ఉంటుంది. కాల్చిన మట్టి గోలీలు నీళ్ళు తక్కువ పట్టుకుంటాయి, పగలు రెండు మూడు గంటలకోసారి నింపాలి. కోకోపీట్ కలిపితే రోజుకి రెండు మూడుసార్లు చాలు. రాత్రి దాదాపు అక్కర్లేదు.

మోటారు ఆగితే? గోలీల మధ్య తేమ కొన్ని గంటలు కాస్తుంది. అప్పటికీ రాకపోతే చెంబుతో ట్యాంకులోంచి తీసి పైన పోసేయవచ్చు. ఒక మనిషి చేత్తో మోటారు పని చేయగలిగే పద్ధతి ఇది. అందుకే నాకిష్టం.

ఎన్‌ఎఫ్‌టీకి, దీనికి కలిపి ఒక హెచ్చరిక. ట్యాంకు కొలత లెక్కవేసేటప్పుడు పంపు ఆగిన క్షణాన్ని ఊహించుకోండి. పైన కాలువల్లో, తొట్టిలో ఉన్న నీళ్ళన్నీ ఒక్కసారిగా కిందికి వస్తాయి. ట్యాంకును ముందే అంచు దాకా నింపి ఉంచితే అవన్నీ ఎక్కడికి పోతాయి? పంపు నడుస్తుండగా చూసి 'ట్యాంకు ఖాళీగా ఉంది' అని నింపకండి. ఆపి, అన్నీ దిగాక చూసి నింపండి.

టమాటా, మిరప, దోస, వంగ లాంటి పెద్ద మొక్కలకి డ్రిప్. దాంట్లో ఇళ్ళకి బాగా కుదిరేది డచ్ బకెట్. ఒక్కో బకెట్‌లో పెర్లైటో కోకోపీటో నింపి ఒకటో రెండో మొక్కలు పెడతారు. పైనుంచి డ్రిప్పర్ చుక్కలు వేస్తుంది. బకెట్ అడుగున ఒక మోచేయి గొట్టం ఉంటుంది. అది నీళ్ళన్నీ పోనివ్వకుండా అడుగున ఒక అంగుళం నీళ్ళు ఎప్పుడూ నిలిపి ఉంచుతుంది. ఆ అంగుళమే దీని ప్రాణం. మోటారు ఆగితే ఆ నీళ్ళు, గింజలు పట్టుకున్న తేమ కలిసి మొక్కను గంటల తరబడి నడిపిస్తాయి. కోకోపీట్ అయితే ఒక పూటంతా.

డ్రిప్‌లో బాధ అంతా డ్రిప్పర్లు మూసుకుపోవడం. లవణాలు గడ్డకడతాయి, పాకుడు చేరుతుంది. ఒక మొక్క వాడేదాకా ఏ డ్రిప్పర్ ఆగిందో తెలియదు. మొక్కకి రెండు డ్రిప్పర్లు పెట్టుకోండి, పంపు దగ్గర జాలీ పెట్టుకోండి. పోసినదాంట్లో అయిదో వంతు కిందికి దిగి పోయేలా నీళ్ళివ్వండి, లేకపోతే గింజల్లో లవణాలు పేరుకుంటాయి.

కోకోపీట్ గురించి చెప్పకపోతే తప్పవుతుంది. కొబ్బరి పొట్టుకి సహజంగానే పొటాషియం, సోడియం అంటుకుని ఉంటాయి. అది వాటిని వదిలి మీ ద్రావణంలోని కాల్షియం, మెగ్నీషియం పట్టేసుకుంటుంది. కడగకుండా వాడితే మొదటి వారాల్లో మొక్కకి కాల్షియం చాలదు. బాగా కడిగి, కాల్షియం నైట్రేట్ కలిపిన నీళ్ళలో ఒక రాత్రి నానబెట్టి, మళ్ళీ కడిగి వాడండి.

ఇక చివరిది ఏరోపోనిక్స్. వేర్లు చీకటి గదిలో ఉత్త గాలిలో వేలాడతాయి. వాటి మీద ద్రావణాన్ని పొగమంచులా చల్లుతారు. గాలికి కొదవే లేదు కాబట్టి పెరుగుదల వేగంగా ఉంటుంది. 1997లో మీర్ అంతరిక్ష కేంద్రంలో కూడా ఈ పద్ధతిని పరీక్షించారు. విత్తన బంగాళాదుంపల ఉత్పత్తికి దీన్ని వాడతారు, పెట్టె తెరిచి కావలసిన సైజు దుంపలు తెంపుకుని మళ్ళీ మూసేయవచ్చు. నిజమైన ఏరోపోనిక్స్‌కి తుంపర 50 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాకా సన్నగా ఉండాలి, దానికి చదరపు అంగుళానికి 80 పౌన్లకు పైబడిన ఒత్తిడి ఇచ్చే పంపు కావాలి. నాజిల్ కన్ను సూది మొనంత. ఒక్క రేణువు అడ్డుపడితే మూసుకుపోతుంది. పంపు ఆగితే వేర్లు నిమిషాల్లో ఆరడం మొదలవుతుంది, అరగంటా గంటలో మొక్క దెబ్బతింటుంది. అభిరుచి కోసం పెంచేవాళ్ళకి ఇది టెన్షన్ తప్ప ఇంకోటి కాదని నా అభిప్రాయం. ఇంజనీరింగ్ అంటే సరదా ఉంటే పెట్టుకోండి, కూరగాయల కోసమైతే వద్దు.

(సభలో ఒకరు: చేపలతో కలిపి చేసేది?)

ఆక్వాపోనిక్స్. అది పద్ధతి కాదండి, పోషకం వచ్చే దారి. చేపలు వదిలిన అమ్మోనియాను బాక్టీరియా నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తాయి, దాన్ని మొక్క తీసుకుంటుంది. నీళ్ళు అందించడానికి మళ్ళీ తెప్పో, నింపి వదిలే తొట్టో కావాలి. ఆ బాక్టీరియా స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆలోపే చేపలు నిండుగా వదిలితే చనిపోతాయి. మీకు చేపలు పెంచడం ముందే వచ్చి ఉంటేనే మొదలుపెట్టండి. మొక్కలు, చేపలు రెండూ కొత్తయితే ఏది ఎందుకు చస్తోందో తెలుసుకోలేరు.

ద్రావణం గురించి కొంచెం. పద్ధతి ఏదైనా ఇది ఒకటే. పీహెచ్, అంటే నీళ్ళ ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె, 5.5 నుంచి 6.5 మధ్య ఉంచండి. 7 దాటితే నీళ్ళలో ఇనుము ఉన్నా మొక్కకి అందదు. కొత్త ఆకులు పసుపుపచ్చగా మారి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటాయి. వెంటనే ఇనుము కలపడానికి పరుగెత్తకండి, ముందు పీహెచ్ చూడండి. ఈసీ మీటర్ అని ఇంకోటి, నీళ్ళలో లవణాలెంత ఉన్నాయో చెప్తుంది. సెంటీమీటరుకి మిల్లీసీమెన్స్ లెక్కన లెట్యూస్‌కి 1 నుంచి 1.6 దాకా, కాసే టమాటాకి 2 నుంచి 3.5 దాకా. ఆ అంకె కంటే అది ఎటు కదులుతోందన్నది ముఖ్యం. రోజురోజుకీ పెరుగుతుంటే మొక్క లవణాల కంటే నీళ్ళు ఎక్కువ తాగుతోందని, ఉత్త నీళ్ళు కలపండి. తగ్గుతుంటే పోషకం చాలడం లేదని.

(సభలో ఒకరు: ద్రావణం రెండు సీసాలుగా ఎందుకిస్తారు? ఒకే సీసాలో కలిపి పెట్టుకోవచ్చు కదా?)

కలపకూడదు. చిక్కటి ద్రావణంలో కాల్షియం, సల్ఫేట్, ఫాస్ఫేట్ కలిస్తే జిప్సం లాంటి తెల్లటి మడ్డి అయి అడుగున కూర్చుంటుంది. మొక్కకీ అందదు, పంపునీ మూసేస్తుంది. అందుకే కాల్షియం ఒక సీసాలో, మిగతావి ఇంకో సీసాలో. ట్యాంకు నిండా నీళ్ళు పోశాక ఒకటి వేసి బాగా కలిపి, తర్వాత రెండోది వేయండి. పల్చబడ్డాక అవి కలిసినా ఏమీ కాదు. ఆ కొలగిన్నె కూడా మధ్యలో కడగండి.

(సభలో ఒకరు: యూరియా వాడొచ్చా?)

వద్దు. మట్టిలో యూరియాను అమ్మోనియంగా, నైట్రేట్‌గా మార్చే సూక్ష్మజీవులు దండిగా ఉంటాయి. శుభ్రమైన ద్రావణంలో అవి చాలినంత ఉండవు. యూరియా అలాగే ఉండిపోతుంది. పైగా ఈసీ మీటర్‌కి అది కనబడదు, ఎందుకంటే నీళ్ళలో అయాన్లుగా విడిపోదు. ఎంత వేశారో మీటర్ మీకు చెప్పదు.

(సభలో ఒకరు: రెండు వారాలకోసారి ట్యాంకు మార్చాలంటారు, ఆ పాత నీళ్ళు ఏం చేయాలి?)

కాలువల్లోకి, చెరువుల్లోకి వదలకండి, నైట్రేటు, ఫాస్ఫేటు చేరి అక్కడ నాచు పెరుగుతుంది. మీ మట్టి కుండీలకి పోసేయండి, సగానికి సగం ఉత్త నీళ్ళు కలిపి. వేరుకుళ్ళు వచ్చిన ట్యాంకు నీళ్ళయితే మాత్రం ఏ మొక్కకీ పోయొద్దు. ఆ ట్యాంకును, గొట్టాలను కడిగి, ఎండబెట్టి, తర్వాతే మళ్ళీ నింపండి. ఇంకెవరైనా అడుగుతారా? సరే, బయట బల్ల మీద క్రాట్కీ డబ్బా ఒకటి, నింపి వదిలే తొట్టి ఒకటి నడుస్తున్నాయి. మూతలు తీసి వేర్లు చూడండి. తొట్టి పావుగంటలో మళ్ళీ నిండుతుంది, పొర్లుగొట్టం దగ్గర నిలబడితే బాగా కనిపిస్తుంది.